మంగళపర్తిలో తీసిన యుద్ధం

పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్. ముంబై హైవే మీద బస్సెక్కే వాళ్లకు ఈ వరస నోటికొచ్చు. దాన్నే తిరగేసి చదివితే 1948 సెప్టెంబరు కనబడుతుంది. ఆ నెల 13న షోలాపూర్ వైపు నుంచి నిజాం రాజ్యంలో అడుగుపెట్టిన భారత సైన్యం నల్దుర్గ్, హుమ్నాబాద్ దాటి, జహీరాబాద్ మీదుగా ఈ దారి పట్టుకునే హైదరాబాద్ వైపు వచ్చింది. 18న నిజాం సేనాని ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. ఇప్పుడా రోడ్డు నిండా మందుల కంపెనీల ట్యాంకర్లు, షిఫ్టు బస్సులు. రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే ఎద్దుమైలారం వస్తుంది. మెదక్ ఎంపీగా ఉండగా 1984లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ అక్కడే ఉంది. సిపాయిలను మోసుకెళ్లే యుద్ధవాహనాలు అందులో తయారవుతాయి. ఇటు భానూరులో బీడీఎల్ వాళ్లు ట్యాంకులను పేల్చే క్షిపణులు చేస్తారు. యుద్ధ సామగ్రి ఇంత దగ్గర్లో తయారవుతున్నా, ఇదే నేల మీద డెబ్బై ఎనభై ఏళ్ల కిందట నడిచిన యుద్ధం మనకు గుర్తున్నది మాత్రం ఒక సినిమా వల్ల.

దొరల మీద, నిజాం మీద రైతులు నడిపిన ఆ తెలంగాణ సాయుధ పోరాటం అనగానే చాలామంది కళ్ల ముందు కదిలే బొమ్మ ఒకటే. భుజాన గొంగడి, చేతిలో కర్ర, చుట్టూ జనం, మధ్యలో పాడుతున్న గద్దర్. 'మా భూమి' సినిమాను మొదటి నుంచి చివరిదాకా చూడనివాళ్లకు కూడా ఆ బొమ్మ తెలుసు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ఆ పోరాట చరిత్ర రాశారు. మూడు వేల పల్లెల్లో గ్రామరాజ్యాలు, పది లక్షల ఎకరాల పంపిణీ, నాలుగు వేల మంది ప్రాణాలు. ఆయన లెక్కలివి. అంకెలు పుస్తకంలో ఉన్నాయి, బొమ్మ జనంలో ఉంది. అంత గట్టి బొమ్మను చేసిన చేతుల పనితనం ఎలాంటిదో చూద్దామనే ఈ వ్యాసం.

సినిమాకు ఇంత బలం ఉందని అమెరికావాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. 1945 ఫిబ్రవరి 23న ఇవో జిమా కొండ మీద సైనికులు జెండా ఎత్తుతున్న ఫొటో ఒకటుంది. నిజానికి ఆరోజు అక్కడ ఎగిరిన రెండో జెండా అది. మొదటి జెండా నాటినవాళ్ల పేర్లు ఇవాళ చెప్పగలిగేవాళ్లు అరుదు. నాలుగేళ్లకే జాన్ వేన్ నాయకుడిగా 'శాండ్స్ ఆఫ్ ఇవో జిమా' వచ్చింది. ఆ జెండా ఘట్టం తెర మీదికెక్కి, దేశానికి తన యుద్ధం ఎలా ఉందో చూపించింది. జాన్ వేన్ మాత్రం ఆ యుద్ధంలో సైన్యంలో చేరనే లేదు. వియత్నాం యుద్ధం జోరుమీదున్న 1968లో ఆయనే 'ది గ్రీన్ బెరెట్స్' తీస్తే సైన్యం అడిగినవన్నీ ఇచ్చింది. అక్కడి లెక్క సూటిగా ఉంటుంది. హెలికాప్టర్లు, ట్యాంకులు కావాలంటే ముందు స్క్రిప్టు చూపించాలి. చూపించినా సాయం దొరకని కొప్పోలా 'అపోకలిప్స్ నౌ' కోసం ఫిలిప్పీన్స్ పోయి, అక్కడి ప్రభుత్వం దగ్గర హెలికాప్టర్లు అద్దెకు తెచ్చుకున్నాడు. షూటింగు మధ్యలో అవి తిరుగుబాటుదార్ల మీదికి నిజం యుద్ధానికి ఎగిరిపోయేవి.

ఆ సినిమా 1979లో వచ్చింది. 'మా భూమి' కూడా ఆ ఏడాదే తయారై, 1980లో జనం ముందుకొచ్చింది. మనవాళ్లకు హెలికాప్టర్లు ఇచ్చేవాడూ లేడు, స్క్రిప్టు అడిగేవాడూ లేడు. నిజం యుద్ధం మాత్రం ఇక్కడా పక్కనే నడుస్తోంది. కరీంనగర్ జిల్లాలో 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, ఆ తర్వాత జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ముప్పై ఏళ్ల కిందటి దొరల గడీల కథను తీస్తున్న రోజుల్లోనే గడీల మీదికి జనం మళ్లీ కదిలారు. ఆ వేడి తెలియకుండా చూస్తే ఈ సినిమా పాతకాలపు కథలా కనిపిస్తుంది. తీసినవాళ్లకు అది నిన్నటి పేపరు.

తీసినవాళ్లెవరంటే, నిర్మాతల్లో ఒకరు బి. నర్సింగరావు. ఊరు అప్పటి మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్, దొరల కుటుంబం. గడీని లోపలి నుంచి చూసి, బయటికి నడిచి వచ్చిన మనిషి. 1970ల మొదట్లో ఆయన నడిపిన ఆర్ట్ లవర్స్ బృందంలోంచే జన నాట్య మండలి పుట్టింది. ఇంకో నిర్మాత జి. రవీంద్రనాథ్. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, అప్పటికి ముప్పై దాటనివాడు. డాక్యుమెంటరీలు తీసిన అనుభవమే పెట్టుబడి, తెలుగు రాదు, ఇదే మొదటి కథాచిత్రం. దానికి రెండేళ్ల ముందే మృణాల్ సేన్ తెలుగులో 'ఒక ఊరి కథ' తీసి ఉండటంతో, బెంగాలీ దర్శకుడు తెలంగాణ పల్లెలో కెమెరా పెట్టడం అప్పటికి మరీ వింతేం కాదు.

కథ కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' నుంచి వచ్చింది. మొదటి పనితనం ఇక్కడే. నవల జైలు గదిలో నడుస్తుంది. తెల్లారితే ఉరికంబం ఎక్కబోయే రాఘవరావు తన బతుకంతా తలపోసుకుంటాడు. రాత్రి ఒకటే, కథంతా జ్ఞాపకం. సినిమావాళ్లకు ఇది పళ్లెంలో పెట్టి ఇచ్చిన ఫ్లాష్‌బ్యాక్. జైలు ఊచలు, వీరుడి ముఖం, వెనక్కి పోయే కథ, చివరికి ఉరితాడు. ఎవరైనా ఆ పద్ధతే పట్టుకునేవారు. వీళ్లు దాన్ని వదిలేశారు. రాఘవరావు రామయ్య అయ్యాడు, కథ జైలు దాటి పొలంలోకి వచ్చింది. పిల్లవాడు పెరుగుతాడు, వెట్టి చూస్తాడు, ప్రేమిస్తాడు, ప్రేమించిన చంద్రి దొర పాలబడితే తట్టుకోలేక ఊరు విడుస్తాడు, పట్నంలో రిక్షా తొక్కుతాడు, కార్మిక సంఘంలో కళ్లు తెరుస్తాడు, తిరిగొస్తాడు. ముందేం జరగబోతోందో రామయ్యకు తెలియదు, మనకూ తెలియదు. ఉరితాడు ముందే చూపిస్తే మనం అమరవీరుణ్ణి చూస్తాం. చూపించకపోవడం వల్ల ఒక జీతగాడు మనిషిగా మారడం చూస్తాం.

రామయ్యగా వేసిన సాయిచంద్‌కు ఇదే మొదటి సినిమా. రచయిత త్రిపురనేని గోపీచంద్ కొడుకు, అంటే కృష్ణాతీరపు సాహిత్య కుటుంబంలో పిల్లవాడు. తెలంగాణ జీతగాడి వేషం ఎవరు కట్టాలి అన్న ప్రశ్న ఇవాళైతే పెద్ద చర్చ అవుతుంది. ఆ చర్చకు నా దగ్గరున్న సమాధానం తెర మీది రామయ్యే. అతను హీరోలా నిలబడడు. దొర ముందు భుజాలు కుంగిపోతాయి, కళ్లు నేలనే చూస్తాయి. పట్నంలో కొన్నాళ్లు గడిచాక ఆ మెడ మెల్లగా లేస్తుంది. బాంచెన్ కాల్మొక్త అనే బతుకు నుంచి తుపాకి పట్టే బతుకు దాకా జరిగిన ప్రయాణాన్ని డైలాగుల్లో కాక ఒంట్లో చూపించాడు. తెలంగాణ శకుంతల, భూపాల్‌రెడ్డి వంటివాళ్లు తెరకు పరిచయమైందీ ఇందులోనే.

ఇక ఊరు. పోరాటానికి గుండెకాయ నల్లగొండ, వరంగల్ జిల్లాలు. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి అటువైపే ఉంది. సినిమా తీసింది మాత్రం మెదక్ జిల్లా మంగళపర్తిలో, వెల్దుర్తి దగ్గర. యుద్ధ సినిమాలకు ఈ తిరకాసు మామూలే. 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' లో ఫ్రాన్సు ఒమాహా తీరంగా మనం చూసేది ఐర్లండ్ సముద్రపొడ్డు. అక్కడ స్పీల్‌బర్గ్ ఎంతోమందిని పెట్టి తీరాన్ని యుద్ధభూమిగా మార్చాడు. మంగళపర్తిలో మార్చడానికి ఏమీ లేదు, డబ్బూ లేదు. మట్టి గోడలు, వాకిళ్లు, గడీ నీడ, ఊరి జనం ఉన్నట్టే తెర మీదికొచ్చారు. కమల్ నాయక్ కెమెరా నలుపు తెలుపుల్లో వాళ్ల ముఖాల దగ్గర తీరుబడిగా ఆగుతుంది. గీతలు పడ్డ ఆ నుదుళ్లకు మేకప్ అక్కర్లేదు. అల్జీరియా స్వాతంత్య్ర పోరాటం మీద పొంటెకోర్వో 1966లో తీసిన 'బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. నటులు కానివాళ్లను నిలబెట్టి, న్యూస్‌రీల్‌లాగా తీస్తే, చూసేవాడు కథ చూస్తున్నానన్న సంగతి మరిచిపోతాడు. 'మా భూమి' దృశ్యాలను ఆ రోజుల్లో తీసిన అసలు ఫొటోలనుకునేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. డాక్యుమెంటరీలు తీసిన చెయ్యి కదా, అబద్ధాన్ని కూడా సాక్ష్యంలా తీయగలదు.

ట్యాంకులు లేకపోవడం కూడా మేలే చేసింది. యుద్ధమంటే పేలుడు అని అలవాటుపడ్డ కంటికి ఈ సినిమా యుద్ధాన్ని గడీ గుమ్మం దగ్గర చూపిస్తుంది. ఎవరు చెప్పులిడిచి లోపలికి పోతారు, ఎవరు వాకిట్లోనే ఆగిపోతారు, ఎవరి ఆడపిల్లను ఎప్పుడు పిలుస్తారు అన్నదే అక్కడి యుద్ధం. తుపాకులు వచ్చేసరికి సగం యుద్ధం అయిపోయి ఉంటుంది.

భాష సంగతి వేరే చెప్పాలి. అప్పటి తెలుగు సినిమాలో తెలంగాణ యాస వినబడితే హాలు నవ్వడానికి సిద్ధమయ్యేది. ఆ యాస హాస్యగాడిది, లేదంటే రౌడీది. 'మా భూమి' లో ప్రేమా ఆ భాషలోనే, దుఃఖమూ ఆ భాషలోనే, రాజకీయమూ ఆ భాషలోనే. ఎవరూ ఎవర్నీ వెక్కిరించరు. తెలుగు రాని దర్శకుడి సినిమాలో ఇది జరగడం విచిత్రం అనిపిస్తుంది గానీ, ఆలోచిస్తే అందుకే జరిగిందేమో. మద్రాసు స్టూడియోల తెలుగు చెవికి అలవాటు లేనివాడికి ఏది 'మంచి' తెలుగో, ఏది 'మోటు' తెలుగో తెలియదు. ఊళ్లో ఎలా వినబడిందో అలాగే ఉంచాడు.

పాటల దగ్గరికి వస్తే ఈ సినిమా అసలు బలం తెలుస్తుంది, ఒక ఇబ్బందీ తెలుస్తుంది. సంగీతం చూసింది జానపదాల సేకరణకు పేరుపడ్డ వింజమూరి సీతాదేవి, నాగభూషణం. 'పల్లెటూరి పిల్లగాడా' సుద్దాల హనుమంతు పోరాట కాలంలో కట్టింది. పసులగాసే జీతగాణ్ణి పిలిచి, తాటి జగ్గల కాలిజోడు గురించీ చిరిగిన బట్టల గురించీ ఆరా తీసినట్టు సాగే పాట. సినిమా దాన్ని ఆర్కెస్ట్రాతో ముంచెత్తలేదు. గొంతును ముందు నిలబెట్టి, వాద్యాన్ని వెనక ఉంచింది. దాంతో వినేవాడికి ఎవరో తల్లి దారిలో ఆపి పలకరిస్తున్నట్టుంటుంది.

'బండెనక బండి కట్టి' తీరు వేరు. దాన్ని కట్టింది బండి యాదగిరి, ఆ పోరాటంలో తుపాకి పట్టిన మనిషి. తెర మీద పాడింది గద్దర్. తూప్రాన్‌లో పుట్టినవాడు, మంగళపర్తికి ఇరుగుపొరుగే. ఆ దృశ్యంలో గద్దర్ నటిస్తున్నట్టు ఉండదు, సభలో పాడుతున్నట్టే ఉంటుంది. గొంగడి దులుపు, కర్ర ఊపు, అడుగు తీసి అడుగేసే లయ, జనం వంతపాట. కెమెరా అతని చుట్టూ సర్కస్ చేయదు. వంత పాడేవాళ్లకు కూడా చోటిస్తుంది. పాటలో సర్కారును నిలదీసే బలం ఒక్క గొంతులోంచి రావడం లేదనీ, గుంపు శ్వాసలోంచి వస్తోందనీ కంటికి కనబడుతుంది. ఇంతకన్నా బాగా ఆ పాటను తీయడం నేనైతే ఊహించలేను.

మరి ఇబ్బంది ఏమిటంటే, అంత బాగా తీయడం వల్లే పాట గద్దర్‌దైపోయింది. రాసింది ఎవరని అడిగితే పదిమందిలో ఎక్కువమంది గద్దర్ పేరే చెబుతారు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ధూంధాం వేదికల మీద ఆ పాట ఎన్ని వందల సార్లు మోగిందో లెక్కలేదు. యాదగిరి పేరు ఎన్నిసార్లు వినబడిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గద్దర్ 2023 ఆగస్టులో పోయినప్పుడు టీవీలన్నీ ఆ దృశ్యమే వేశాయి. ఇవో జిమా మొదటి జెండావాళ్లకు జరిగిందే ఇది. ఎవరి తప్పూ లేదు. తెర ఒక ముఖాన్ని పట్టుకుంటే పక్క ముఖాలు చీకట్లో పడతాయి.

ఇప్పుడు అసలు చోటికి వస్తాను. యుద్ధ సినిమా తీసేవాడికి అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం కథ ఎక్కడ ఆపాలి అన్నది. సాయుధ పోరాటం మీద సినిమాకు అందరూ ఒప్పుకునే ముగింపు ఒకటి సిద్ధంగా ఉంది. 1948 సెప్టెంబరు, నిజాం లొంగుబాటు, మూడు రంగుల జెండా, శుభం. నిజాం పక్షపు రజాకార్ల ఆగడాలు చూపించి సైన్యాన్ని దించితే హాలు చప్పట్లతో ఊగిపోతుంది. 'మా భూమి' అక్కడ ఆగలేదు. జనం తరిమేసిన దొర మిలటరీ వెనకాలే ఊళ్లోకి తిరిగొస్తాడు. నెత్తిన గాంధీ టోపీ. అంతే. దాని మీద ఉపన్యాసం లేదు. నిన్నటిదాకా నిజాం కింద ఉన్న తల ఇవాళ టోపీ కింద ఉంది, పంచిన భూమి మళ్లీ దొర చేతికి పోబోతోంది. రెండున్నర గంటల సినిమా మొత్తాన్ని మోసే బరువు ఆ గజం ఖద్దరు మీద పెట్టారు. చరిత్ర దీనికి సాక్ష్యం చెబుతుంది. సైన్యం వచ్చాక పోరాటం ఆగలేదు. సైన్యానికీ పోరాట దళాలకూ మధ్య 1951 అక్టోబరు దాకా సాగింది. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నిలబడ్డ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి దేశంలోనే అత్యధికంగా ఓట్లు పడ్డాయి. అంటే జనం ఆ టోపీని అప్పుడే గుర్తుపట్టారు.

ఆ ఒక్క నిర్ణయం విలువ ఎంతో ఏటా సెప్టెంబరు 17న తెలుస్తుంది. 2022లో కేంద్రం విమోచన దినం అంది, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినం అంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ఒకే తేదీకి మూడు పేర్లు, మూడు వేదికలు. అదే ఏడాది 'రజాకార్' సినిమా వచ్చింది. అందులో యుద్ధం రెండు మతాల మధ్య. 'మా భూమి' లో దొర పేరు హిందువుది, రామయ్యకు లోకం చూపించిన కార్మిక నాయకుడు ముస్లిం, మూలకథ ఉర్దూది. రెండూ ఒకే కాలం మీద తీసిన సినిమాలే. రేపు పదేళ్ల పిల్లవాడికి ఏది ముందు తగిలితే వాడి 1948 అదే అవుతుంది. నా ఓటు ఎటో చెప్పనక్కర్లేదు గానీ, 'మా భూమి' చూపించనిది కూడా ఒకటుంది. సైనిక చర్య తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు వేల మంది ముస్లింలు హతమయ్యారని సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఇచ్చింది. బీదర్ అంటే జహీరాబాద్ పక్కనే. ఆ కథ తెర మీద ఇంకా నాకు తగల్లేదు.

లోపాలు ఇంకా ఉన్నాయి. పట్నం ఘట్టాల్లో రామయ్యకు జ్ఞానం కాస్త తొందరగా వచ్చేస్తుంది. సంఘం మాటలు కొన్నిచోట్ల కరపత్రంలా వినబడతాయి. దొర దుర్మార్గానికి బలయ్యే ఆడవాళ్లకు ఇచ్చినంత చోటు పోరాడిన ఆడవాళ్లకు దక్కలేదు. చాకలి ఐలమ్మ అప్పటికి బతికే ఉంది, మల్లు స్వరాజ్యం రాజకీయాల్లో తిరుగుతూనే ఉంది. వాళ్ల గొంతులు వినడానికి స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' దాకా ఆగాల్సొచ్చింది. నర్సింగరావు తనే దర్శకుడై 1988లో తీసిన 'దాసి' ఈ లోటును ఇంకో దారిలో పూడ్చింది. అందులో తుపాకి లేదు, సంఘం లేదు. గడీ లోపల ఒక ఆడమనిషి రోజులు మాత్రమే. దానికి ఐదు జాతీయ అవార్డులొచ్చాయి, అర్చన ఉత్తమ నటి అయింది. పనితనంలో 'దాసి' నే పైమెట్టు మీద పెట్టేవాళ్లున్నారు. నిజమే కావచ్చు. కానీ 'దాసి' ని చూసి మెచ్చుకుంటాం, 'మా భూమి' ని పాడుకుంటాం.

'పల్లెటూరి పిల్లగాడా' కట్టిన హనుమంతు కొడుకు సుద్దాల అశోక్‌తేజ 2022లో 'ఆర్ఆర్ఆర్' కు 'కొమురం భీముడో' రాశారు. తండ్రి పాట పసులగాసే పిల్లవాడి మీద, కొడుకు పాట కొరడా దెబ్బలకు మోకరిల్లని వీరుడి మీద. పదాల్లో అదే మట్టి, అదే బిగువు. పాడిన కాలభైరవకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. తీయడంలో మాత్రం నలభై ఏళ్ల దూరం ఉంది. 'ఆర్ఆర్ఆర్' కెమెరా ఒకే ఒక్క ఒంటిని చూస్తుంది. ప్రతి దెబ్బకూ ఆ కండ ఎంత పెద్దదో చూపిస్తుంది. చుట్టూ మూగిన జనం ఆ వీరుణ్ణి చూసి కన్నీళ్లు పెట్టి, తర్వాత ఎగబడతారు. మంగళపర్తిలో జనం చూసేవాళ్లుగా మిగల్లేదు, వంత పాడేవాళ్లయ్యారు. జోడేఘాట్‌లో 1940లో చనిపోయిన కొమురం భీం ఒంటరిగా పోరాడలేదు, పన్నెండు గూడేల గోండులు ఆయన వెంట ఉన్నారు. ఆ గూడేలను మంగళపర్తి ముఖాలను తీసినట్టు తీసే కెమెరా ఎవరి దగ్గరైనా ఉంటే, వాళ్లు సామగ్రి కోసం ఎవరికీ స్క్రిప్టు చూపించాల్సిన పని ఉండదు.